మనమా, మేమా? – ఒక కారు ప్రకటనపై లేచిన వాదము

అంగడివాడు తన సరకును తానే పొగడుకొనుట వింత కాదు. కొనువాడు ఆ పొగడ్తను సగము నమ్మి, సగము విడిచి, బేరమాడి సరకు తీసికొనిపోవును. కాని ఆ పొగడ్త వలన జనులు రెండు పక్షములుగా చీలి వాదులాడుకొనుట అరుదు. 2014వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్టిది యొకటి జరిగెను. ఒక విలాసపు కారును అమ్ముటకై తీసిన ఒక్క నిమిషపు ప్రకటనను చూచి కొందరు చప్పట్లు కొట్టిరి, కొందరు మండిపడిరి. పత్రికలు దానిపై వ్యాసములు ప్రకటించినవి. పోటీ కంపెనీ యొకటి దానికి బదులు చెప్పుచు మరియొక ప్రకటన తీసెను. ఇంత గొడవలోను కారును గూర్చి వాదించినవారు తక్కువ. వాదమంతయు కష్టమును గూర్చి, సెలవును గూర్చి, సంపదను గూర్చి. లోతునకు పోయి చూచినచో 'మనము' అను ఒక చిన్న మాటను గూర్చి. తెలుగు చదువుకొను పిల్లలకు ఈ చివరి సంగతి ప్రత్యేకముగా పనికివచ్చును.

ఆ కారు పేరు కాడిలాక్ ఇ.ఎల్.ఆర్. జనరల్ మోటార్స్ అను పెద్ద కంపెనీవారి విలాసపు కార్లకు కాడిలాక్ అని పేరు. ఈ కారుకు రెండే తలుపులు. ఇంటివద్ద విద్యుత్తుతో బ్యాటరీ నింపుకొని కొంత దూరము నడచును. బ్యాటరీ తీరిన పిమ్మట పెట్రోలు యంత్రము తోడుపడును. వెల సుమారు 76,000 డాలర్లు. రష్యా దేశపు సోచీ నగరమున శీతకాలపు ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవము జరిగిన ఫిబ్రవరి 7వ తేదీన, ఆ ఉత్సవమును అమెరికా ప్రజలకు చూపిన టెలివిజన్ కార్యక్రమమున ఈ ప్రకటన వెలువడెను. మార్చి 2వ తేదీన ఆస్కార్ బహుమతుల సభ నాడు మరల చూపిరి. రెండును కోట్లమంది తమ ఇండ్లలో కూర్చుండి చూచు సందర్భములే. ప్రకటనకు పెట్టిన పేరు 'పూల్‌సైడ్', అనగా ఈతకొలను ప్రక్క.

అందులో నీల్ మెక్‌డొనా అను నటుడు పొట్టి లాగు తొడుగుకొని తన భవనపు ఈతకొలను చెంత నిలిచియుండి, చూచువారితో మాటలాడ నారంభించును. ఇంత కష్టపడుట దేనికి, ఈ వస్తువుల కొరకా అని అతని మొదటి ప్రశ్న. ఇతర దేశములవారు పని ముగించుకొని తీరికగా ఇంటికి నడచిపోవుదురు, దారిలో కాఫీ దుకాణమున ఆగుదురు, ఆగస్టు నెల యంతయు సెలవు పుచ్చుకొందురు. మరి అమెరికనులు అట్లెందుకు లేరు? ఏలయన, వారు పట్టుదల గలవారు, పిచ్చి పట్టినట్లు పని చేయువారు, నమ్మకము గలవారు. ఇతరులు వెఱ్ఱివారనుకొన్నచో అనుకొనుగాక. రైట్ సోదరులు వెఱ్ఱివారా? బిల్ గేట్స్ వెఱ్ఱివాడా? గిటారు చేసిన లెస్ పాల్? మల్లయుద్ధమువంటి ముష్టియుద్ధమున మొనగాడైన అలీ? చంద్రుని వైపు వ్రేలు చూపిన నాడు మనకు వెఱ్ఱియా? వెళ్లితిమి, విసుగు పుట్టి తిరిగి వచ్చితిమి, అక్కడ ఒక కారును తాళపుచెవితో సహా విడిచితిమి, మరల అక్కడికి పోవువారము మనమే గనుక! ఈ మాటలాడుచు అతడు గది తరువాత గది దాటును, పిల్లలను భార్యను పలుకరించును, దుస్తులు మార్చుకొని సూటుతో వెలుపలికి వచ్చి కారునకు తగిలించిన విద్యుత్తు తీగను ఊడదీయును. కష్టపడువాడు తన అదృష్టమును తానే సృష్టించుకొనునని, ఈ వస్తువులన్నియు ఆగస్టులో రెండు వారములు మాత్రమే సెలవు పుచ్చుకొన్నందుకు దక్కిన లాభమని చెప్పి, ఫ్రెంచి భాషలో 'కదా?' అని ముగించును.

కారు ఎంత దూరము నడచునో, ఎంత వేగముగా పోవునో, ఎందరు కూర్చుండవచ్చునో ఒక్క మాటయు లేదు. అమ్మవలసిన సరకును కడపటి కొన్ని క్షణములు మాత్రమే చూపి, తక్కిన కాలమంతయు ఒక జీవితవిధానమును పొగడుటయే దాని నేర్పు.

మెచ్చుకొన్నవారి మాట మొదట వినుట న్యాయము. తమ దేశపు కష్టజీవులను ఎవరును ఇంత నిస్సంకోచముగా పొగడలేదని వారనిరి. సంపాదించుకొన్నవాడు తలవంచుకొని క్షమాపణ చెప్పుకొననక్కరలేదని, పాటుపడి పైకి రావచ్చునను నమ్మకమే తమ దేశమును నిలిపినదని వారి వాదము. ప్రకటనలోని మనిషి తాతలనాటి ఆస్తి అనుభవించువాడుగా కాక పని చేసి సంపాదించినవాడుగా కనబడుట వారికి నచ్చెను. కంపెనీవారు కూడ ఇదే తోవను సమాధానము చెప్పిరి: వస్తువుల కొరకు కష్టపడుడని తాము చెప్పలేదు, కష్టమునకు వస్తువులు ఫలము మాత్రమే, జనులు తమ ప్రకటనను తప్పుగా గ్రహించిరి అని. ఈ సమాధానమున కొంత నిజము లేకపోలేదు. ప్రకటనను శ్రద్ధగా వినినచో 'ఈ వస్తువుల కొరకా?' అను ప్రశ్నకు అతడు 'అవును' అనడు. నింద చేసినవారిలో పలువురు ఈ సూక్ష్మమును గమనింపలేదు. కాని చెవి వినుచున్నది ఒకటి, కన్ను చూచుచున్నది మరియొకటి. నోట కష్టమును గూర్చి చెప్పుచు, కంటికి మాత్రము ఈతకొలనును, భవనమును, కారును చూపుచున్నప్పుడు, చూచువాడు కంటినే నమ్మినచో అది అతని తప్పు కాదు.

తప్పుపట్టినవారు ఒక్క తీరువారు కారు. ఇతర దేశములను చులకన చేయు గర్వము కొందరికి రుచింపలేదు. మనిషి బ్రతుకునకు పరమార్థము కారు కొనుటయా అని కొందరు విచారించిరి. అందరికంటె గట్టిగా నిలదీసినవారు వేరొకరు: 'కష్టపడుట చేత ఇట్టి యిల్లు వచ్చునన్నచో, నిత్యము కష్టపడుచున్న మాకేల రాలేదు?' అని అడిగినవారు. ఈ ప్రశ్నను మీ లెక్కల పుస్తకముతో పరిశీలింపవచ్చును. నాడు అమెరికా కేంద్రప్రభుత్వ చట్టము నిర్ణయించిన కనీస వేతనము గంటకు 7.25 డాలర్లు. వారమునకు 40 గంటల చొప్పున 52 వారములు, ఒక్క దినమైనను సెలవు లేక పని చేసినవానికి ఏడాదికి వచ్చునది 15,080 డాలర్లు. అతడు తిండి తినక, అద్దె కట్టక, బట్ట కొనక ఆ డబ్బంతయు కూడబెట్టినను ఆ కారు కొనుటకు అయిదేండ్లు చాలవు. హోటలులో గిన్నెలు తోమువాడు, ఆసుపత్రిలో రాత్రి పని చేయు ఆయా, రెండు చోట్ల కొలువు చేసి పిల్లలను పెంచు తల్లి ఆ టెలివిజన్ ముందు కూర్చుండి 'మనము కష్టపడువారము' అను మాట వినినప్పుడు ఏమనుకొందురు?

ఇక్కడ మన భాష మనకు సాయపడును. ఆ నటుడు ఇంగ్లీషున పలికిన సర్వనామమునకు తెలుగున రెండు మాటలు కలవు. వినువానిని కూడ కలుపుకొని చెప్పునది 'మనము'. వినువానిని విడిచి చెప్పునది 'మేము'. 'మనము అన్నము తిందము' అన్నచో అతిథికి విస్తరి వేసినట్లే. 'మేము అన్నము తిందుము' అన్నచో అతిథి గడపవద్దనే ఉన్నట్లు. క్రియలో ప్రత్యయము చాలచోట్ల ఒక్కటే. 'వచ్చితిమి' అన్నంత మాత్రమున ఎవరెవరు వచ్చిరో తెలియదు. ఆ భేదమంతయు సర్వనామమే మోయును. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తమిళము వినుచు పెరుగు పిల్లలకు 'నామ్' అనియు 'నాంగళ్' అనియు ఇదే భేదము పరిచితము. మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' అని రెండు కలవు. ఇరుగుపొరుగు కన్నడమున మాత్రము నేడు 'నావు' ఒక్కటే. హిందీలో 'హమ్' ఒక్కటే. ఇంగ్లీషు ఈ రెండవ జట్టునకు చేరినది. మాట ఒక్కటే అయినప్పుడు, పలికినవాడు దేనిని ఉద్దేశించెనో వినువాడు ఊహించుకొనవలసినదే.

ఆ ప్రకటనను మెచ్చినవాడు 'మనము' అని వినెను. తానును ఆ పట్టుదల గలవారి పంక్తిలో కూర్చుండెను. నొచ్చుకొన్నవాడు 'మేము' అని వినెను. ఈతకొలను గలవాడు తన బోటివారిని కూడగట్టుకొని, తక్కిన లోకమునకు వీపు చూపుచున్నట్లు అతనికి తోచెను. ఇక ఫ్రాన్సు దేశస్థుడో, ఇటలీ దేశస్థుడో వినినచో అది నిస్సందేహముగా 'మేము'. ఒకే మాటను ముగ్గురు మూడు విధముల వినిరి; ఎవరు విన్నదియు తప్పు అనుటకు వీలు లేదు. వాదము తీరకపోవుటకు కారణమిదే. వారు ఒకరి అభిప్రాయమును మరియొకరు ఖండించుచున్నామనుకొనిరి. నిజమునకు వేర్వేరు వాక్యములను గూర్చి వాదించుచుండిరి.

ఇతర భాష నడుమ పెరుగుచున్న తెలుగు పిల్లలకు ఈ భేదము వ్యాకరణ పాఠము మాత్రమే కాదని నేననుకొందును. సభలో ఒకరు లేచి 'మన భాష, మన చరిత్ర' అన్నప్పుడు ఆ 'మన' లో తానున్నాడో లేడో అని ఒక్క క్షణమాగి చూచుకొనని అల్పసంఖ్యాక భాషాభిమాని ఉండడు. అందుచేత మీకు ఈ వాదము అమెరికనులకంటె త్వరగా బోధపడును. అయినను ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. మనలను విడిచిన 'మేము' ను గుర్తించుటలో ఎంత చురుకుగా ఉందుమో, మనము ఇతరులను విడిచి పలుకు 'మేము' ను గుర్తించుటలో అంత చురుకుగా ఉండము. ఆ నటుని మాటలు వ్రాసినవారికిని ఇట్లే జరిగియుండవచ్చును.

ఇక ఆ ప్రకటనలోని మాటలను ఒక్కొక్కటిగా తూచి చూతము. మొదట సెలవు. ఆగస్టు నెల యంతయు సెలవు పుచ్చుకొనువారిని వేళాకోళము చేసిరి గదా. ఆ బాణము ముఖ్యముగా ఫ్రాన్సు మీదికి పోయినదని చివరి ఫ్రెంచి పలుకే చెప్పుచున్నది. ఫ్రాన్సున వేతనముతో కూడిన సెలవు సోమరుల కోరిక వలన పుట్టలేదు. 1936లో కార్మికులు సమ్మెలు చేసి, కొత్తగా ఏర్పడిన ప్రభుత్వముచే చట్టము చేయించి, ఏడాదికి రెండు వారములు సంపాదించుకొనిరి. అది 1956లో మూడు, 1969లో నాలుగు, 1982లో అయిదు వారములైనది. ఐరోపా కూటమి దేశములలో నాలుగు వారములు కనీస హక్కు. అమెరికాలో నాడు ప్రైవేటు కంపెనీలు సెలవు దినములకు వేతనమీయవలెనని నిర్బంధించు కేంద్రచట్టమే లేదు. అది యజమానికిని పనివానికిని నడుమ కుదిరిన ఒప్పందము. కావున 'రెండు వారములే పుచ్చుకొంటిని' అనుట ఆ భవనస్థునికి గొప్ప; రెండు దినములైనను దొరకనివానికి అది ఎత్తిపొడుపు. మన దేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున వేతనపు సెలవు నిర్ణయించినది. హోసూరు మోటారు కర్మాగారములలో పని చేసిన తండ్రులు గల పిల్లలు ఇంటివద్ద అడిగినచో, ఆ సెలవు ఏ పెండ్లికి, ఏ జాతరకు, ఏ జబ్బునకు ఖర్చైనదో వారే చెప్పగలరు.

తరువాత కష్టము. ఎక్కువ గంటలు పని చేయువారే ఎక్కువ సంపన్నులగుదురా? ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ అను అంతర్జాతీయ సంస్థ ఆ దినములలో ప్రకటించిన లెక్కలను బట్టి, ఒక పనివాడు ఏడాదిలో సగటున చేసిన పని అమెరికాలో సుమారు 1,790 గంటలు. జర్మనీలో 1,400 గంటలకు లోపు. మెక్సికోలో 2,200 గంటలకు పైన. గంటలను బట్టియే కార్లు వచ్చునన్నచో మెక్సికోవారి ముంగిటనే మేలైన కార్లుండవలెను. జర్మనులు తక్కువ గంటలు పని చేసియు, కాడిలాక్‌తో పోటీపడు విలాసపు కార్లను లోకమంతటికి అమ్ముచున్నారు. దీనివలన కష్టము వ్యర్థమని కాదు. యంత్రము, చదువు, పెట్టుబడి, చట్టము, పుట్టిన చోటు, ఇవన్నియు కష్టమునకు తోడైనప్పుడే అది డబ్బుగా మారును. ప్రకటన ఈ తోడులనన్నిటిని దాచి కష్టమును మాత్రమే చూపెను.

చంద్రుని సంగతి మిక్కిలి సొగసైనది. 1971, 1972 సంవత్సరములలో అపోలో 15, 16, 17 యాత్రలకు పోయిన అమెరికనులు మూడు వాహనములను చంద్రునిపై విడిచి వచ్చిన మాట నిజము. బోయింగ్ కంపెనీవారి ఆ వాహనములకు చక్రములు, మోటారులు మొదలైనవి సమకూర్చినది జనరల్ మోటార్స్ శాఖయే. కావున కాడిలాక్‌వారు దానిని చెప్పుకొనుటకు కొంత హక్కు కలదు. అయితే వానికి తాళపుచెవి లేదు, అవి బ్యాటరీతో నడచినవి, ఆ బ్యాటరీలు మరల నింపుటకు పనికిరానివి. వారిని చంద్రునికి చేర్చిన సాటర్న్ రాకెట్టును రూపొందించుటలో నాయకుడైన వెర్నర్ ఫాన్ బ్రౌన్ జర్మనీలో పుట్టినవాడు. ఆ 'ఇతర దేశముల' వాడే! మరల పోవువారము మనమే యను మాట టెలివిజన్‌లో వినబడుటకు రెండు నెలలైనను కాకముందు, 2013 డిసెంబరు 14వ తేదీన, చైనావారి చాంగె-3 చంద్రునిపై దిగి ఒక చిన్న వాహనమును నడపెను. మనుష్యులను పంపుటయే లెక్క అన్నచో, 2011లో షటిల్ విమానములను నిలిపివేసిన పిమ్మట 2020 వరకు అమెరికా వ్యోమగాములు అంతరిక్షమునకు పోవలెనన్నను రష్యావారి సోయుజ్ నౌకలోనే పోవలసివచ్చెను. ప్రకటన వెలువడినదో, రష్యాలో జరుగుచున్న ఉత్సవము నడుమ! తరువాత 2023 జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతమునకు చేరువగా దిగినది. ఆగస్టు నెల సెలవులకే గాక ఇట్టి పనులకును పనికివచ్చునన్నమాట.

పేర్కొన్నవారిలో అలీ పేరు నన్ను ఎక్కువ ఆలోచింపజేసెను. ముష్టియుద్ధమున జగజ్జేత యగు మహమ్మదు అలీ 1967లో వియత్నాము యుద్ధమునకు పోవుటకై సైన్యమున చేర నిరాకరించెను. అతని బిరుదమును ఊడబెరికిరి. న్యాయస్థానము శిక్ష విధించెను. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేయు వరకు దేశద్రోహి యన్నవారే మెండు. ఆ కాలమున ఏ కార్ల కంపెనీయు అతనిని చూపి 'ఇట్టివారము మనము' అనియుండదు. 2014 నాటికి అతడు 'మన' వాడయ్యెను. 'మనము' అను మాటకు గోడలున్నవి గాని ఆ గోడలు కదలుచుండును. ఒకప్పుడు వెలుపల నిలిపినవానిని లోపలికి పిలిచి, మొదటినుండి లోపలనే ఉన్నట్లు మాటలాడుట లోకరీతి.

ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరములు తెలిసినవారికి నవ్వు ఆపుకొనుట కష్టము. కాడిలాక్ అను పేరు ఒక ఫ్రెంచివానిది. 1701లో డెట్రాయిట్ స్థావరమును నెలకొల్పిన ఆంత్వాన్ కాడిలాక్ పేరును ఈ కార్లకు పెట్టిరి. ఆయన వంశచిహ్నమునుండియే కారు ముద్రిక పుట్టెను. ఆ ఘనుడు సామాన్య కుటుంబమున పుట్టి, అమెరికాకు వచ్చిన పిమ్మట ప్రభువంశపు పేరును, చిహ్నమును తానే కల్పించుకొన్నాడు! ఇక జనరల్ మోటార్స్ 2009 జూన్‌లో దివాలా తీసినది. ప్రభుత్వము సుమారు 4,950 కోట్ల డాలర్ల ప్రజాధనము పెట్టి దానిని నిలిపెను. తన చేతనున్న కడపటి వాటాలను ప్రభుత్వము అమ్మివేసినది 2013 డిసెంబరు 9వ తేదీన. అందులో ప్రజలకు 1,000 కోట్ల డాలర్లకు పైగా నష్టము మిగిలినది. రెండు నెలలు గడువక మునుపే ఆ కంపెనీవారి నటుడు ఈతకొలను ప్రక్క నిలిచి, ఎవరి అదృష్టమును వారే సృష్టించుకొందురని బోధింపసాగెను. పన్ను కట్టిన ప్రేక్షకునికి ఒళ్లు మండెనన్నచో ఆశ్చర్యమేమి?

మార్చి నెలలో ఫోర్డు కంపెనీవారు బదులు చెప్పిరి. తమ సి-మాక్స్ ఎనర్జీ అను కారు కొరకు, మొదటి ప్రకటనను మాటకు మాట, అడుగునకు అడుగు అనుకరించుచు ఒక చిత్రము తీసి ఇంటర్నెట్టులో విడుదల చేసిరి. ఇందులో నటుడు లేడు. పషాన్ ముర్రే అను నల్లజాతి వనిత, డెట్రాయిట్ నగరమున ఆహారశాలల వ్యర్థమును సేకరించి ఎరువు చేసి నగరమునందలి తోటలకు అందించు 'డెట్రాయిట్ డర్ట్' అను సంస్థను స్థాపించినామె, స్వయముగా కనబడెను. ఈతకొలనుకు బదులు మట్టి, భవనమునకు బదులు కూరగాయల మడులు. ఆమెయు ఇంత కష్టపడుట దేనికని అడిగినది. తమను వెఱ్ఱివారనువారిని తలచినది. లోకమును కొంచెము మెరుగుపరుప యత్నింపవలెనన్నది. నగరమున పచ్చని కూరలు పండుట 'నాకేల' యని ఊరకుండనందుకు దక్కిన లాభమని చెప్పి, తానును ఫ్రెంచిలో 'కదా?' అన్నది. ఈ డెట్రాయిట్ 2013 జూలైలో సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా ప్రకటించిన నగరమని గుర్తుంచుకొన్నచో, ఆమె చేతి మట్టికి ఎంత విలువ యున్నదో తెలియును.

జనులు ఈ బదులును విరివిగా మెచ్చిరి. నాకును ఇది మొదటిదానికంటె నచ్చినది. అయినను, ఫోర్డువారు ఎరువు అమ్ముటకు ఈ చిత్రము తీయలేదు. కారు అమ్ముటకే తీసిరి. ఒక విశేషమున రెండు ప్రకటనలును ఒక్క పనియే చేసినవి: కారును ప్రక్కకు నెట్టి, 'ఈ కారు కొన్నచో నీవు ఇట్టివారిలో ఒకడవు' అని చెప్పినవి. ఒకటి సంపన్నుల పంక్తిలో పీట వేసెను, మరియొకటి సజ్జనుల పంక్తిలో. ఆమె 'మనము' అన్నప్పుడు ఎక్కువమంది తాము అందులో ఉన్నామనుకొనిరి. ఆ నేర్పు ఫోర్డువారిది, ఆ యోగ్యత ఆమెది.

ఇంత గొడవ జరిగిన పిమ్మట కారు ఎన్ని అమ్ముడుపోయెను? 2014లో అమెరికాయందు 1,310 మాత్రమే. 2016 ఆరంభమున దాని తయారీ నిలిచిపోయెను. ప్రకటనయే కారును ముంచినదని చెప్పుట తొందరపాటు. అదే కంపెనీవారి షెవర్లె వోల్ట్ దాదాపు అదే యంత్రముతో, సగముకంటె తక్కువ వెలకు దొరకుచుండెను. లెక్క తెలిసినవాడు దేనిని కొనునో చెప్పనక్కరలేదు. కాని ప్రకటన కారును కాపాడలేదనుట మాత్రము నిజము. ఊరంతయు మాటలాడుకొనుట వేరు, ఊరివారు కొనుట వేరు. ఆ నటుని మాటలను నేటికిని తలచుకొను పలువురికి కారు పేరు జ్ఞాపకముండదు.

తరగతిలో చేయదగిన పని యొకటి కలదు. పై వ్యాసమున చంద్రుని వాక్యములో ఆ నటుని మాటలను 'మనమే' అని తెనిగించితిని. ఆ వాక్యమును మీరు 'మేమే' అని మార్చి వ్రాయుడు. ప్రకటన మొదటి ప్రశ్నను కూడ 'మనము' తో ఒకసారి, 'మేము' తో ఒకసారి వ్రాసి, రెండును ఇంటివద్ద పెద్దలకు చదివి వినిపించి, ఏది విన్నప్పుడు వారి ముఖము ఎట్లు మారినదో చూచి వ్రాసికొనుడు. తరువాత చివరి ఫ్రెంచి పలుకును తెనిగింపుడు. 'కదా?' అన్నచో వినువాడు ఔననవలెనని కోరినట్లు, 'కాదా?' అన్నచో కాదనుటకు అతనికి కొంత చోటిచ్చినట్లు. ఇంతసేపు వెక్కిరించిన వారి భాషలోనే ఆ ప్రశ్న వేసినాడు గనుక, ఈ రెంటిలో ఏది తగునో నిర్ణయించుట సులభము కాదు.